ఈ అయ్యవారు ఎవరి తరఫు?

(మా శాఖా గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల గుమ్మం దగ్గర నిలబడ్డవారు ముందుకు రండి, మొదటి వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మన ఊళ్ళో మొదటి వరస ఎప్పుడూ ఖాళీయే.

కరపత్రంలో నా పేరు ముందు "బ్రహ్మశ్రీ" అని వేశారు. వేసినాయన ఇక్కడే ఉన్నాడు, నవ్వుతున్నాడు కూడా. బ్రహ్మశ్రీ అని వేదం చదువుకున్నవారికి వేస్తారు నాయనా. మా నాన్నగారికి వేస్తే చెల్లుతుంది, ఆయన పౌరోహిత్యం చేశారు. నేను కాలేజీలో సంస్కృతం చెప్పి పింఛను తీసుకుంటున్నవాణ్ణి, నాకు చెల్లదు. అయితే ఒక రకంగా మేలే చేశారు. ఇవాళ నేను చెప్పాలనుకున్నది అదే. ఎవరిని ఏమని పిలుస్తున్నాం, ఎందుకలా పిలుస్తున్నాం అని.

ఆ మధ్య మా వీధిలోకి ఒక కుటుంబం వచ్చింది. గృహప్రవేశం పెట్టుకున్నారు. నేరుగా రామాలయానికి వెళ్ళి అర్చకుడు గారిని పిలిచారు. ఆయన "నాకు అవి అలవాటు లేవండీ, పక్క వీధిలో పురోహితుడు గారున్నారు, ఆయన్ని అడగండి" అన్నారు. వీళ్ళకి కోపం వచ్చింది. మా ఇంటికొచ్చి, "చూశారా మాస్టారూ, గుళ్ళో గంటసేపు మంత్రాలు చదువుతాడు, మా ఇంట్లో చదవడానికేమొచ్చింది?" అన్నారు. నేనేమన్నానంటే, అమ్మా, బంగారప్పని చేసే ఆయన దగ్గరికి వెళ్ళి నాగలి చెయ్యమంటే చేస్తాడా? వడ్రంగినీ ఆచారి గారూ అంటాం, కంసాలినీ ఆచారి గారూ అంటాం, నిజమే. పిలుపు ఒకటైనంత మాత్రాన పని ఒకటవుతుందా?

మనకి అందరూ పంతులుగారే. బళ్ళో పాఠం చెప్పేవాడు పంతులు, పెళ్ళి చేయించేవాడు పంతులు, గుళ్ళో హారతిచ్చేవాడు పంతులు. తెలంగాణలో అయ్యగారు, రాయలసీమలో అయ్యవారు. మర్యాదకి లోటు లేదు, బాగానే ఉంది. కానీ పని దగ్గరికొచ్చేసరికి చిక్కు పడుతుంది. అందుకని మీకు ఒక చిన్న ప్రశ్న ఇస్తాను, జేబులో పెట్టుకోండి. ఎవరైనా అయ్యవారు కనిపిస్తే మనసులో అడుక్కోండి: ఈయన ఎవరి తరఫున కూర్చున్నారు? అంతే. సగం బిరుదులు ఈ ఒక్క ప్రశ్నతో విడిపోతాయి.

ఋగ్వేదంలో మొట్టమొదటి మంత్రం చూడండి. "అగ్నిమీళే పురోహితం యజ్ఞస్య దేవమృత్విజం హోతారం రత్నధాతమమ్." అగ్నిని స్తుతిస్తున్నారు. ఏమని స్తుతిస్తున్నారు? పురోహితుడు అన్నారు, ఋత్విక్కు అన్నారు, హోత అన్నారు. మూడూ ఉద్యోగాల పేర్లే! వేదం నోరు తెరవగానే వచ్చిన వాక్యంలో మూడు ఉద్యోగాల పేర్లున్నాయి. ఋత్విక్కు అంటే యజ్ఞం నడిపేవాడు, హోత ఆ ఋత్విక్కుల్లో ఒకడు, పురోహితుడు వేరు. అప్పటికే అంత స్పష్టంగా ఉంది. మనకే ఇప్పుడు కలగాపులగం అయిపోయింది.

పురః అంటే ముందు, హితుడు అంటే పెట్టబడినవాడు. ముందు పెట్టుకున్నవాడు పురోహితుడు. ఎవరు పెట్టుకున్నారు? యజమాని. అంటే మీరు. పురోహితుడు ఇంటి మనిషి, మీ తరఫు మనిషి. పెళ్ళిలో, వ్రతంలో సంకల్పం చెప్పేటప్పుడు ఎప్పుడైనా చెవి పెట్టి విన్నారా? "మమ ఉపాత్త దురిత క్షయద్వారా" అంటాడు. మమ అంటే నా యొక్క. ఎవరి పాపాలు పోవాలి? పురోహితుడివా? కాదు. ఆయన అందిస్తున్నాడు, మీరు అంటున్నారు. అనాలి కూడా. ఆయన మమ అంటుంటే మనం ఫోనులో ఫొటోలు చూసుకుంటూ కూర్చుంటే ఆ మమ ఎవరిదవుతుంది చెప్పండి?

ఇప్పుడు గుడికి రండి. అర్చనకి ఇచ్చారు. అర్చకుడు మిమ్మల్ని మమ అనమంటాడా? అనమనడు. మీ గోత్రం అడుగుతాడు, పేరు అడుగుతాడు, ఫలానా గోత్రంలో పుట్టిన ఫలానా పేరుగలవాడికి అని ఆయనే స్వామికి విన్నవిస్తాడు. అక్కడ మీరు "నేను" కారు, "ఫలానావారు". ఉత్తమ పురుష పోయి ప్రథమ పురుష వచ్చింది. వ్యాకరణం చెప్పుకున్నవాణ్ణి కదా, నాకు ఇలాంటివే ముందు కనపడతాయి, ఏమనుకోకండి. అర్చకుడు స్వామి తరఫు మనిషి. ఆ ఇంటి యజమాని స్వామి. లేపాలి, స్నానం చేయించాలి, అలంకారం చెయ్యాలి, నైవేద్యం పెట్టాలి, పడుకోబెట్టాలి. మీరు వచ్చినా రాకపోయినా అది జరగాలి.

మా అమ్మగారి నాన్నగారు ఒక చిన్న ఊళ్ళో రామాలయం అర్చకులు. వానాకాలంలో ఆ ఊళ్ళో గుడికి ఒక్క మనిషి వచ్చేవాడు కాదు. ఆయన మాత్రం తడి పంచెతో నాలుగు గిన్నెలు మోసుకుని వెళ్ళేవారు. నేను చిన్నప్పుడు అడిగాను, "ఎవరూ రారు కదా తాతయ్యా, ఇవాళ మానెయ్యొచ్చుగా" అని. ఆయన నన్ను చూసి, "నువ్వు అన్నం తిన్నావా?" అన్నారు. తిన్నానన్నాను. "ఆయన తినొద్దూ?" అన్నారు. ధూపదీప నైవేద్యం అని ప్రభుత్వం చిన్న గుళ్ళకి ఒక పథకం పెట్టింది, వినే ఉంటారు. ఆ పేరు పెట్టినవారెవరో గానీ సరిగ్గా పెట్టారు. ఎవరూ రాకపోయినా ఆగకూడనివి ఆ మూడే.

సరే, అర్చకులందరూ ఒకటేనా? కాదు. ఆగమాన్ని బట్టి ఉంటుంది. ఆగమం అంటే గుడి కట్టడం దగ్గర్నుంచి దీపం పెట్టడం దాకా చెప్పే శాస్త్రం. మన వైష్ణవాలయాల్లో రెండున్నాయి, వైఖానసం, పాంచరాత్రం. తిరుమలలో వైఖానసం. భద్రాచలంలో, యాదగిరిగుట్టలో పాంచరాత్రం. తేడా ఏమిటని అడుగుతారు. చాలా ఉంది గానీ ఒక్కటి చెబుతాను. పాంచరాత్రంలో దీక్ష తీసుకోవాలి. గురువు దగ్గర భుజాల మీద శంఖ చక్రాల ముద్రలు వేయించుకోవాలి, అప్పుడు అర్హత. వైఖానసులు మాకు అది అక్కర్లేదంటారు. ఎందుకక్కర్లేదు? తల్లి కడుపులో ఉండగానే విష్ణుబలి అని ఒక సంస్కారం చేస్తారు, స్వామి అక్కడే ముద్ర వేసేశాడు, మళ్ళీ మనిషి వెయ్యడమేమిటి అంటారు. గర్భవైష్ణవులు అని వాళ్ళకి పేరు. అంటే ఒకచోట అర్హత గురువు నుంచి వస్తుంది, ఇంకోచోట పుట్టుక నుంచి వస్తుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, కోర్టు దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

తిరుమల సంగతి ఎత్తాను కాబట్టి చెబుతాను. మనం క్యూలో తోసుకుంటూ వెళ్ళి అరక్షణం చూసి వస్తాం. లోపల ఎంతమంది ఉన్నారో, ఎవరిది ఏ పనో చూడం. తెల్లవారుజామున తలుపులు తీసే వేళకి ముందుగా వచ్చేది ఎవరు? సన్నిధి గొల్ల. యాదవుల ఆసామి, దివిటీ పట్టుకుని వస్తాడు. స్వామి తొలి దర్శనం ఆయనది. ఆ తరవాతే ఎవరైనా. మూలమూర్తిని తాకి అర్చన చేసేది వైఖానస అర్చకులు. పైడిపల్లి, గొల్లపల్లి, పెద్దింటి, తిరుపతమ్మ అని నాలుగు కుటుంబాల వారు తరతరాలుగా చేస్తున్నారు. మరి పెద్ద జీయరు గారు, చిన్న జీయరు గారు ఉంటారు కదా, వారు సన్యాసులు. అర్చన చెయ్యరు. జరిగేవి పద్ధతి ప్రకారం జరుగుతున్నాయా అని చూడటం వారి పని. ఆ ఏర్పాటు రామానుజుల వారితో మొదలైందంటారు. వారికి సాయంగా ఏకాంగులని ఉంటారు. దివ్యప్రబంధం, అంటే ఆళ్వారుల తమిళ పాటలు, చదివేవారు వేరు, వేదపారాయణ చేసేవారు వేరు, పోటులో ప్రసాదాలు వండేవారు వేరు, అందించే పరిచారకులు వేరు. ఒక్క దేవుడికి ఇంతమంది. ఇందులో ఎవరినైనా సరే మనం "పూజారి గారూ, కాస్త పక్కకి జరగండి" అంటాం.

ఇప్పుడు కోర్టు. 1987లో ఆంధ్రప్రదేశ్‌లో దేవాదాయ చట్టం వచ్చింది, 30వ నంబరు చట్టం. అర్చకుల వంశపారంపర్య హక్కులు, మిరాసీలు రద్దయ్యాయి. గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1996లో ఆ రద్దు సరైనదేనంది కోర్టు. అర్చన ఆగమం ప్రకారం జరగాలి, కానీ అర్చకుణ్ణి నియమించడం మతవిషయం కాదు, వంశం ద్వారానే రావాలని లేదు అంది. మళ్ళీ 2007లో చట్టాన్ని సవరించి, అర్హత ఉన్న అర్చక కుటుంబాలకి కొంత చోటిచ్చారు. ఇందులో ఎవరిది తప్పు అని నేను చెప్పను, ఇది ఆ సభ కాదు. కానీ నా ప్రశ్న ఇక్కడ పెట్టి చూడండి. ఈయన ఎవరి తరఫు? తాతగారిని అడిగితే రాముడి తరఫు అనేవారు. చట్టాన్ని అడిగితే సంస్థ తరఫు అంటుంది. జీతం చీటీ మీద ఒకరు, గర్భగుడిలో ఒకరు.

యజ్ఞం సంగతి కొంచెం వేరు. అక్కడ వాళ్ళు ఆ పూటకి వరణం చేసుకున్నవాళ్ళు, అంటే పిలిచి, కోరి, నియమించుకున్నవాళ్ళు. ఋత్విక్కులు. సోమయాగానికి పదహారు మంది కావాలి. నాలుగు జట్లు, జట్టుకి నలుగురు. ఋగ్వేదం చదివే హోత, చేతిపనంతా చేసే అధ్వర్యువు, ఆయన యజుర్వేది. సామగానం చేసే ఉద్గాత. నాలుగో ఆయన బ్రహ్మ. బ్రహ్మ పనేమిటి? ఊరికే కూర్చోవడం. నవ్వకండి, చాలా కష్టం అది. మూడు వేదాల పనీ గమనిస్తూ మౌనంగా ఉండాలి, ఎక్కడ తప్పు జరిగితే అక్కడ ప్రాయశ్చిత్తం చెయ్యాలి. ఇంట్లో చిన్న హోమాల్లో అంతమందిని ఎక్కడ తెస్తాం? దర్భలు ముడివేసి ఆ స్థానంలో పెట్టేస్తారు. ఈసారి పెళ్ళిలో హోమగుండం పక్కన చూడండి, బ్రహ్మగారు దర్భ రూపంలో ఉంటారు.

దక్షిణ లెక్క కూడా బాగుంటుంది. జట్టులో మొదటివాడికి పూర్తి వాటా, రెండోవాడికి సగం, మూడోవాడికి మూడో వంతు, నాలుగోవాడికి పావు. వాళ్ళ పేర్లే అలా వచ్చాయి. అర్ధినులు, తృతీయినులు, పాదినులు. జీతాన్ని బట్టి హోదా పేరు పెట్టడం మన ఆఫీసులు కనిపెట్టింది కాదు.

ఈ యజ్ఞాల నుంచే మన పేర్లలో సగం వచ్చాయి. సోమయాగం చేసినవాడు సోమయాజి, ఆయన భార్య సోమిదేవి, మన నోళ్ళలో సోమిదమ్మ. ఆవిడ లేనిదే ఆ యాగం లేదు, అందుకని పేరు ఇద్దరికీ వచ్చింది. తిక్కన గారు యజ్ఞం చేశాకే తిక్కన సోమయాజి. వాజపేయం చేసినవాడు వాజపేయయాజి. ఆయన చేశాడు, సరే. కొడుకు చెయ్యలేదు, మనవడు చెయ్యలేదు, పేరు మాత్రం ఉండిపోయింది. ఇవాళ బ్యాంకులో పనిచేసే సోమయాజులు గారున్నారు, కారు షోరూములో ఘనాపాఠి గారున్నారు. తప్పని కాదు. తాత సంపాదించిన ఇల్లు మనవడికి వచ్చినట్టు వచ్చింది.

ఘనాపాఠి అన్నాను కదా. ఎంతమందికి తెలుసు ఘనం అంటే? మంత్రాన్ని తిప్పి తిప్పి చదివే పద్ధతి అది. పదాలకి బదులు అంకెలు చెబుతాను, వినండి. ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు. అయిపోయిందా? ఇప్పుడు రెండు నుంచి మొదలు. రెండు మూడు, మూడు రెండు, రెండు మూడు నాలుగు, నాలుగు మూడు రెండు, రెండు మూడు నాలుగు. ఇలా వేదం మొత్తం! పుస్తకం లేకుండా, స్వరం తప్పకుండా. ఒక్క అక్షరం జారితే వెనక్కి వచ్చేటప్పుడు పట్టుబడుతుంది. అచ్చు యంత్రం లేని కాలంలో కాపలా పెట్టుకున్న తీరు అది. 2003లో యునెస్కో వేదపారాయణ సంప్రదాయానికి గుర్తింపునిచ్చింది. ఘనాపాఠి ఎవరి తరఫు అని అడిగితే, వేదం తరఫు అంటాను. ఆయన పెళ్ళిళ్ళు చేయించకపోవచ్చు, గుళ్ళో హారతి ఇవ్వకపోవచ్చు.

ఇక చెప్పేవాళ్ళు. గురువు, ఆచార్యుడు, ఉపాధ్యాయుడు. ఒకటే అనుకుంటున్నాం కదూ? మనుస్మృతి రెండో అధ్యాయంలో మూడూ వేరు. ఉపనయనం చేసి, కల్పంతో అంటే యజ్ఞవిధానంతో, రహస్యంతో అంటే ఉపనిషత్తులతో, వేదం మొత్తం చెప్పేవాడు ఆచార్యుడు. వేదంలో ఒక భాగమో, వేదాంగాలో, బతుకుతెరువు కోసం చెప్పేవాడు ఉపాధ్యాయుడు. ఇక్కడున్న రిటైర్డు మాస్టార్లు ఎవరూ బాధపడకండి, నేనూ ఆ జాబితాలోనే ఉన్నాను. మరి గురువు ఎవరు? సంస్కారాలు చేసి, అన్నం పెట్టి పెంచేవాడు. అంటే ముందుగా తండ్రి. పదిమంది ఉపాధ్యాయులకంటే ఒక ఆచార్యుడు ఎక్కువ, వందమంది ఆచార్యులకంటే తండ్రి ఎక్కువ, వెయ్యిమంది తండ్రులకంటే తల్లి ఎక్కువ అని కూడా అక్కడే ఉంది. అదే పుస్తకంలో ఆడవాళ్ళ గురించి మనకి మింగుడుపడని మాటలు చాలా ఉన్నాయి, అవీ చదువుకునే ఈ మాట చెబుతున్నాను.

ఆ అమ్మాయి ఏదో అడుగుతోంది... ఆడవాళ్ళకి ఈ పేర్లు లేవా అని. మంచి ప్రశ్న. ఉన్నాయి తల్లీ. వ్యాకరణంలో దొరుకుతాయి. ఆచార్యుడి భార్య ఆచార్యాని. తానే పాఠం చెప్పే స్త్రీ అయితే ఆచార్యా. ఉపాధ్యాయాని వేరు, ఉపాధ్యాయా వేరు. చెప్పే ఆడవాళ్ళు లేకపోతే వ్యాకరణకర్తలకి రెండు రూపాలతో పనేమిటి? వాళ్ళు ఒక అచ్చు మిగిలితే పండగ చేసుకునే మనుషులు, అవసరం లేని మాట తయారుచెయ్యరు.

స్వాముల గురించి ఎక్కువ చెప్పను, టీవీలో రోజూ చూస్తున్నారు. ఒక్కటి గమనించండి, సన్యాసి పురోహితుడు కాడు. కాలేడు. సన్యాసంతో అగ్నిహోత్రం వదిలేస్తాడు, పెళ్ళి చేయించడానికి ఆయనకి అధికారమే లేదు. పీఠాధిపతి అంటే ఆ పరంపర తరఫున కూర్చున్నవాడు. శంకరుల సంప్రదాయంలో పది నామాలు, తీర్థ, ఆశ్రమ, వన, అరణ్య, గిరి, పర్వత, సాగర, సరస్వతి, భారతి, పురి. శృంగేరిలో ఇప్పుడున్న భారతీ తీర్థ స్వామివారు మన తెలుగు బిడ్డే, 1989 నుంచి పీఠంలో ఉన్నారు. 2015లో ఆయన ఉత్తరాధికారిగా సన్యాసమిచ్చిన విధుశేఖర భారతి వారు పుట్టింది తిరుపతిలో. చేతిలో దండం చూడండి. ఒకటే కర్ర అయితే ఏకదండి, మూడు కలిపి కట్టి ఉంటే త్రిదండి, శ్రీవైష్ణవ సన్యాసి. వారినే జీయరు అంటారు. మంత్రాలయం వారు మధ్వులు, పేరు చివర తీర్థులు. శ్రీశైలంలో వీరశైవుల పీఠం ఉంది, పండితారాధ్యుల పేరు మీద, అక్కడ జగద్గురువు జంగమ సంప్రదాయం. ఇక చాలు.

ఇంతవరకు నేను చెప్పినదాంట్లో ఒక లోపముంది. ఎవరైనా పట్టుకుంటారేమో అని చూస్తున్నాను. నేను చెప్పినవాళ్ళంతా దాదాపు సంస్కృతం వాళ్ళే. మన ఊళ్ళల్లో దేవుడి పని చేసేవాళ్ళు వీళ్ళేనా?

మేడారం వెళ్ళారా ఎప్పుడైనా? రెండేళ్ళకోసారి, కోటిమంది దాకా వస్తారంటారు. అక్కడ విగ్రహం లేదు. గద్దె. చిలకలగుట్ట నుంచి సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో తెచ్చేది ఎవరు? కోయ పూజారులు. వాళ్ళని వడ్డెలు అంటారు. ఆగమం లేదు, ఘనం లేదు. కలెక్టరు, ఎస్పీ ఎదురు నిలబడతారు, తుపాకులు గాల్లోకి పేలుస్తారు, ఆ జనమంతా ఒక్కసారి లేస్తారు. వడ్డె ఎవరి తరఫు? ఆయన తల్లి తరఫా, జాతి తరఫా అని విడదీసి అడగడానికి నాకు నోరు రాలేదు. అక్కడ నా ప్రశ్న పనిచెయ్యదు.

తెలంగాణ ఊళ్ళల్లో ఎల్లమ్మ కొలుపులకి బైండ్లవారు వస్తారు, జమిడిక వాయిస్తూ కథ చెబుతారు, ముగ్గు వేస్తారు. సీమలో ఆసాదులు. సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి దగ్గర రంగం రోజున ఒక ఆడమనిషి పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెబుతుంది, మంత్రులు చేతులు కట్టుకుని వింటారు. విజయనగరంలో పైడితల్లి జాతరలో ఊరేగించే పొడవాటి మాను, అదే సిరిమాను, దాని చివర కూర్చునేది ఆ గుడి పూజారే. ఆ రోజు ఆయన్ని ఎవరూ పూజారిగా చూడరు, అమ్మవారిగానే చూస్తారు, అరటిపళ్ళు విసురుతారు. ఇంకా, చావుకి శంఖం ఊదే జంగమదేవర, దినాలకి వచ్చే సాతాని అయ్య, దాసరి. బ్రాహ్మణ పురోహితుడు అడుగుపెట్టని ఎన్నో ఇళ్ళలో పుట్టుకలూ చావులూ వీళ్ళ చేతుల మీదే జరిగాయి. వాళ్ళని ఏమని పిలిచాం? పేరు పెట్టి, నువ్వు అని పిలిచాం. ఇది నేనూ చేశాను. మా నాన్నగారిని "మీరు" అన్నవాళ్ళే ఆ జంగమయ్యని "రారా" అనడం నేను చూశాను. ఇద్దరూ చేసేది ఇంటి తరఫు పనే కదా?

మాలో మాకు కూడా ఇది లేకపోలేదు. అపరకర్మలు, అంటే చావు తరవాతి కర్మలు, చేయించే పురోహితుణ్ణి పెళ్ళికి పిలవరు, ఎదురొస్తే మొహం తిప్పుకునేవాళ్ళున్నారు. ఆబ్దికానికి భోక్తలుగా కూర్చునేవారు ఉంటారు. విశ్వేదేవ స్థానంలో ఒకరు, పితృస్థానంలో ఒకరు. ఆ పూట ఆయన మీ నాన్న. కాళ్ళు కడిగి, వడ్డించి, తృప్తిగా తిన్నారా అని అడుగుతాం. సాయంత్రం బస్టాండులో కనపడితే పలకరించం. ఎవరి తరఫున కూర్చున్నాడు? చచ్చిపోయినవాళ్ళ తరఫున. ఆ పని మిగతావాళ్ళెవరూ ఒప్పుకోరు. మా నాన్నగారు రెండు పనులూ చేసేవారు, పెళ్ళీ, పన్నెండో రోజూ. అందుకని కొన్ని ఇళ్ళవాళ్ళు పెళ్ళిళ్ళకి పిలవడం మానేశారు. ఆయన ఏమీ అనలేదు. పంచాంగం చూసుకుంటూ కూర్చున్నారు.

అమెరికాలో మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు చూశాను. అక్కడ గుడిలో ఉన్న ఒక్క అర్చకుడు గారే అన్నీ. పొద్దున అభిషేకం, మధ్యాహ్నం ఎవరింట్లోనో వ్రతం, సాయంత్రం కొత్త కారుకి పూజ, ఆదివారం పెళ్ళి, ఒకోసారి శ్మశానానికి కూడా ఆయనే. అందరూ "ప్రీస్ట్ గారు" అంటారు. నేను ఆయన్ని పక్కకి పిలిచి అడిగాను, మీది ఏ ఆగమం అని. ఆయన మొహం వెలిగింది. "ఇక్కడికొచ్చి ఆరేళ్ళయిందండీ, ఈ మాట అడిగింది మీరే మొదటివారు" అన్నారు. వైఖానసమట. గంటసేపు మాట్లాడారు, కారు పూజకి ఆలస్యమైపోయింది.

కాఫీ వచ్చినట్టుంది. ఆ చివర ఆయన చెయ్యెత్తారు... జనాభా లెక్కలవాళ్ళు వస్తే ఏమని రాయించాలి అంటున్నారా? మా తాతగారి దగ్గరికి ఒకసారి వచ్చారు. వృత్తి ఏమిటి అని అడిగారు, అర్చకత్వం అన్నారు. అది ఉద్యోగమా, సొంత పనా అని అడిగాడు ఆ కుర్రాడు, కాగితంలో రెండే గడులున్నాయి మరి. తాతగారు చాలాసేపు ఆలోచించి, "ఉద్యోగమే నాయనా, కానీ ఆయన్ని అడిగి చెప్పాలి" అన్నారు. ఆ కుర్రాడు ఏ గడిలో టిక్కు పెట్టాడో నాకు తెలియదు. రండి, కాఫీ తాగుదాం.